నోరు అదుపు తప్పితే ఇంగ్లీషులో ఏమంటారు? 'షూట్ యువర్ మౌత్ ఆఫ్' గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లీషు సినిమాల్లో, వార్తల్లో, ఆఫీసు మాటల్లో 'షూట్ యువర్ మౌత్ ఆఫ్' అనే జాతీయం తరచుగా వినపడుతుంది. అందులో నోరూ కాల్పులూ రెండూ ఉన్నాయి కాబట్టి చాలామంది దీన్ని కోపానికో బూతులకో ముడిపెట్టేస్తారు. దాంతో అన్నవాళ్ల ఉద్దేశం ఒకటైతే మనకు అర్థమయ్యేది ఇంకొకటి. దీని గురించీ, దీనికి దగ్గరి చుట్టాల్లాంటి మరికొన్ని జాతీయాల గురించీ ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి.

'షూట్ యువర్ మౌత్ ఆఫ్' అంటే అసలు అర్థం ఏమిటి?

ముందూ వెనకా చూసుకోకుండా మాట్లాడేయడం. తెలిసీ తెలియని విషయం మీద తీర్పు చెప్పేయడం, దాచాల్సింది బయటపెట్టడం, లేని గొప్పలు చెప్పుకోవడం, ఈ మూడింటికీ ఈ జాతీయం వాడతారు. మూడింట్లోనూ ఉన్నది ఒకటే లోపం: మాట బయటికి రాకముందు జరగాల్సిన ఆలోచన జరగలేదు. "ఇది నాకు నిజంగా తెలుసా? చెప్పాల్సింది నేనేనా? చెబితే ఏమవుతుంది?" అన్న ప్రశ్నలు వేసుకోకుండానే నోరు తెరుచుకుంది.

గొంతు పెంచారా తగ్గించారా అన్నదానితో దీనికి పని లేదు. చిరునవ్వుతో, ఎంతో మర్యాదగా మాట్లాడుతూ కూడా 'షూటింగ్ హిజ్ మౌత్ ఆఫ్' అనిపించుకోవచ్చు.

ఒక ఉదాహరణతో చెబుతారా?

క్లయింటుతో వీడియో కాల్ నడుస్తోంది అనుకోండి. "ఈ మార్పు చేయడానికి ఎన్నాళ్లు పడుతుంది?" అని అటువైపు నుంచి అడిగారు. టీమ్ లీడ్ మైక్ ఆన్ చేసేలోపే కొత్తగా చేరిన కుర్రాడు అందుకున్నాడు: "పెద్ద పనేం కాదండీ, శుక్రవారానికల్లా ఇచ్చేస్తాం." ఆ మార్పు చేయాలంటే డేటాబేస్ కదపాలి. టెస్టింగ్‌కే వారం పడుతుంది. అతనికి ఈ రెండూ తెలియవు. క్లయింటు మాత్రం శుక్రవారం అని రాసుకున్నాడు. కాల్ అయిపోయాక లీడ్ అంటాడు: "వై డిడ్ యు హ్యావ్ టు షూట్ యువర్ మౌత్ ఆఫ్?"

కుర్రాడు ఎవర్నీ తిట్టలేదు, అరవలేదు, అబద్ధం చెప్పాలనీ అనుకోలేదు. పైగా ఉత్సాహంగా, మంచి ఉద్దేశంతోనే అన్నాడు. అయినా జాతీయం అతనికి సరిగ్గా అతుకుతుంది. తనది కాని మాట, తనకు తెలియని మాట, అందరినీ ఇరికించే మాట చెప్పేశాడు.

కోపంతో ఊగిపోతూ అరిచేవాళ్లకు ఇది వాడకూడదా?

కోపంలో నోటికొచ్చింది అనేస్తే వాడొచ్చు. కానీ కోపమే ప్రధానం అయినప్పుడు ఇంగ్లీషులో వేరే మాటలు ఉన్నాయి. ఉన్నట్టుండి పట్టరాని కోపం తెచ్చుకుంటే 'ఫ్లై ఆఫ్ ది హ్యాండిల్' అంటారు. గొడ్డలి ఎత్తి కొడుతుండగా ఇనుప ముక్క పిడి నుంచి ఊడి ఎగిరిపోతే ఎవరికి తగులుతుందో చెప్పలేం కదా, ఆ మాట అక్కడి నుంచి వచ్చింది. ఒకే విషయం మీద ఆగకుండా, ఆవేశంగా ఫిర్యాదు చేస్తూ పోతే అది 'రాంట్'. మనసులో ఉన్న బాధంతా కక్కేసి తేలికపడితే 'బ్లో ఆఫ్ స్టీమ్'.

రాంట్ చేసే మనిషికి విషయం క్షుణ్ణంగా తెలిసి ఉండొచ్చు. అందులో ప్రతి మాటా నిజమే కావచ్చు. అందుకే ఆవేశంగా మాట్లాడే ప్రతివాళ్లనూ 'షూటింగ్ దెయిర్ మౌత్ ఆఫ్' అనడం నాకు అన్యాయం అనిపిస్తుంది. తనకు జరిగిన నష్టాన్ని కాగితాలు చూపించి మరీ గట్టిగా అడిగే మనిషి నోరు అదుపు తప్పిన మనిషి ఎలా అవుతాడు? ఎదుటివాళ్ల నోరు మూయించడానికి ఈ జాతీయాన్ని వాడేవాళ్లు ఉన్నారు. వింటున్నప్పుడు ఆ సంగతి గమనించాలి. గొంతు ఎంత పెద్దదన్నది పక్కన పెట్టి, మాటకు ఆధారం ఉందా లేదా అని చూస్తే తేడా తెలిసిపోతుంది.

ఈ మాట ఎలా పుట్టింది?

'షూట్ ఆఫ్' అంటే తుపాకీ పేల్చడం. తుపాకీ ఉన్న చోట నోటిని పెట్టారు. ఇది 19వ శతాబ్దపు అమెరికా వాడుకభాషలో పుట్టి, తర్వాత ఇంగ్లీషు మాట్లాడే అన్ని చోట్లకూ పాకింది.

అయితే మాటను ఆయుధంగా చూసే అలవాటు అంతకంటే చాలా పాతది. 'ఎ ఫూల్స్ బోల్ట్ ఈజ్ సూన్ షాట్' అని ఇంగ్లీషులో ఒక పాత సామెత ఉంది. మూర్ఖుడు తన బాణం తొందరగా వదిలేస్తాడు అని అర్థం. షేక్‌స్పియర్ 1599 ప్రాంతంలో రాసిన ఐదో హెన్రీ నాటకంలో ఒక పాత్ర ఈ సామెతే చెబుతుంది. ఇక్కడ బోల్ట్ అంటే మామూలు బాణం కాదు. అడ్డవిల్లులో (క్రాస్‌బోలో) బిగించి వదిలే పొట్టి, మందపాటి బాణం. మామూలు విల్లుతో ఒకదాని తర్వాత ఒకటి గబగబా వేయొచ్చు. అడ్డవిల్లు అలా కాదు, ఒకసారి వదిలాక తాడును మళ్లీ వెనక్కి లాగి బిగించడానికి చాలా బలం, సమయం కావాలి. కాబట్టి తెలిసినవాడు గురి కుదిరేదాకా ఆగుతాడు. తెలియనివాడు వెంటనే వదిలేసి, శత్రువు దగ్గరికి వచ్చేసరికి ఖాళీ విల్లుతో నిలబడతాడు. తొందరపడి మాట్లాడినవాడి స్థితి అదే. అసలు మాట్లాడాల్సిన సమయం వచ్చేసరికి అతని మాటకు విలువ ఉండదు.

'గో ఆఫ్ హాఫ్ కాక్డ్' కూడా ఇదేనా?

చాలా దగ్గరిది. కాకపోతే దీని దృష్టంతా తొందరపాటు మీదే. పూర్తిగా సిద్ధం కాకుండా, సగం సమాచారంతో మాట్లాడినా, పనిలోకి దిగినా ఇలా అంటారు.

దీని వెనకున్న తుపాకీని కొంచెం దగ్గరగా చూస్తే జాతీయం ఇక మర్చిపోరు. పాత ఫ్లింట్‌లాక్ తుపాకీలో ట్రిగ్గర్ పైన ఒక చిన్న కొక్కెం లాంటిది ఉంటుంది. దాన్నే 'కాక్' అంటారు. దాని దవడల మధ్య చెకుముకి రాయి బిగించి ఉంటుంది. కొక్కేన్ని పూర్తిగా వెనక్కి లాగి ట్రిగ్గర్ నొక్కితే అది వేగంగా ముందుకు పడి, రాయి ఉక్కు పలకకు రాసుకుని నిప్పురవ్వలు లేస్తాయి. ఆ రవ్వలు పక్కనున్న చిన్న గిన్నెలాంటి భాగంలోని మందును అంటిస్తాయి. అక్కడి మంట ఒక సన్నని రంధ్రం గుండా గొట్టంలోకి వెళ్లి అసలు మందును పేలుస్తుంది.

కొక్కేన్ని సగం వెనక్కి లాగితే ఒక గాడిలో ఆగుతుంది. అదే 'హాఫ్ కాక్'. ఆ స్థితిలో ట్రిగ్గర్ నొక్కినా పేలకూడదు. మందు పోసుకునేటప్పుడు, తుపాకీ మోసుకెళ్లేటప్పుడు జాగ్రత్త కోసం అలా ఉంచేవారు. గాడి అరిగిపోయిన తుపాకీ మాత్రం ఆ సగం స్థితిలోనే పేలేది. చేతిలో ఉన్నవాడు గురి చూడలేదు, పేలుతుందని అనుకోనూలేదు. రిపోర్టు మొదటి పేజీ చదివి మీటింగులో అందరి మీదా విరుచుకుపడే మేనేజరు గుర్తొస్తే ఈ జాతీయం అర్థమైనట్టే.

'టాకింగ్ త్రూ హిజ్ హ్యాట్' అంటే?

ఏమీ తెలియకుండా అన్నీ తెలిసినట్టు మాట్లాడటం. ఇదీ అమెరికాలోనే, 19వ శతాబ్దం చివర్లో వాడుకలోకి వచ్చింది. 'షూట్ యువర్ మౌత్ ఆఫ్'కూ దీనికీ ఒక కచ్చితమైన తేడా ఉంది. కంపెనీ రహస్యాన్ని ఎవరైనా బయట చెప్పేశారనుకోండి, ఆ సమాచారం నిజమే కాబట్టి అతను 'టాకింగ్ త్రూ హిజ్ హ్యాట్' అనలేం. 'షాట్ హిజ్ మౌత్ ఆఫ్' అనొచ్చు. టోపీ మాట తెలియనితనం గురించి మాత్రమే చెబుతుంది. ఇది కొంచెం పాతబడింది కూడా. కుర్రకారు నోట పెద్దగా వినపడదు.

'షూట్ ఫ్రమ్ ది హిప్' తిట్టా, పొగడ్తా?

రెండూ. నడుముకున్న ఒరలోంచి తుపాకీ లాగి, కంటి ఎత్తుకు తెచ్చి గురి చూడకుండా అక్కడి నుంచే పేల్చడం దీని మూలం. ఆలోచించకుండా స్పందించాడని విమర్శగా వాడతారు. నాన్చకుండా ముక్కుసూటిగా మాట్లాడతాడని మెచ్చుకుంటూనూ వాడతారు. ఏ అర్థంలో అన్నారో ముందూ వెనకా ఉన్న వాక్యాలే చెబుతాయి. 'షూట్ యువర్ మౌత్ ఆఫ్'కు మాత్రం మంచి అర్థం ఎప్పుడూ లేదు.

'షూట్ ది బ్రీజ్' కూడా షూటే కదా?

దానికీ దీనికీ సంబంధం లేదు. అది సరదాగా పిచ్చాపాటీ మాట్లాడుకోవడం. అందులో తప్పుపట్టడం ఏమీ లేదు.

'లూజ్ కానన్' అని మనిషిని ఎందుకంటారు?

ఎప్పుడు ఏం మాట్లాడతాడో, ఏం చేస్తాడో తెలియని మనిషి, ముఖ్యంగా తనవాళ్లకే నష్టం తెచ్చే మనిషి 'లూజ్ కానన్'. ఒకసారి నోరు జారినవాణ్ణి అలా అనరు. అది స్వభావానికి పెట్టే పేరు.

పాత యుద్ధనౌకల మీద ఫిరంగులు చక్రాల బండ్ల మీద ఉండేవి. వాటిని మోకులతో గట్టిగా కట్టి ఉంచేవారు. తుఫానులో కట్టు తెగితే టన్నుల బరువున్న ఇనుము ఓడ ఊగినప్పుడల్లా అటూ ఇటూ దొర్లుతూ మనుషుల్ని నలిపేసేది, ఓడ గోడల్ని బద్దలు కొట్టేది. శత్రువు కోసం పెట్టుకున్న ఆయుధం సొంత ఓడనే ముంచుతుంది. ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగో 1874లో వెలువడిన తన చివరి నవలలో ఇలాంటి ఘట్టాన్ని ఒళ్లు జలదరించేలా రాశాడు. ఫిరంగిని సరిగ్గా కట్టని సైనికుడే చివరికి ప్రాణాలకు తెగించి దాన్ని ఆపుతాడు. సేనాని అతని ధైర్యానికి పతకం తగిలించి, అజాగ్రత్తకు మరణశిక్ష వేస్తాడు.

నోరు జారడం వల్ల నిజంగా అంత నష్టం జరుగుతుందా?

జరుగుతుంది. బ్రిటన్‌లో నగల దుకాణాల గొలుసు నడిపిన జెరాల్డ్ రాట్నర్ సంగతే చూడండి. 1991 ఏప్రిల్ 23న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డైరెక్టర్స్ సభలో ఆయన మాట్లాడాడు. తమ దుకాణాల్లో గాజు సీసా, ఆరు గ్లాసులు, వెండిపూత పళ్లెం కలిపి 4.95 పౌండ్లకే అమ్ముతున్నామని, అంత చవగ్గా ఎలా ఇస్తున్నారని జనం అడిగితే "అది చెత్త సరుకు కాబట్టి" అంటానని చెప్పాడు. ఇంగ్లీషులో వాడింది ఇంకాస్త మోటు మాట. అక్కడున్నవాళ్లు నవ్వారు. మర్నాడు పత్రికల్లో చూసిన కొనుగోలుదారులకు మాత్రం నవ్వు రాలేదు. ఆ దుకాణాల్లో నిశ్చితార్థపు ఉంగరాలు కొనుక్కున్నవాళ్లు వాళ్లు. కంపెనీ విలువ సుమారు 50 కోట్ల పౌండ్ల మేర పడిపోయింది. 1992లో ఆయన సంస్థ వదిలి వెళ్లాల్సి వచ్చింది. 1993లో కంపెనీ పేరే మార్చుకున్నారు. సొంత సరుకును తానే తిట్టుకుని మునిగిపోవడాన్ని బ్రిటన్‌లో ఇప్పటికీ 'డూయింగ్ ఎ రాట్నర్' అంటారు.

ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, అది ఆవేశంలో జారిన మాట కాదు. ముందే సిద్ధం చేసుకున్న ప్రసంగంలోని జోకు. ముందే రాసుకున్న మాటైనా సరే, అది ఎవరి చెవిన పడుతుందో ఆలోచించకపోతే నోరు పారేసుకున్నట్టే అవుతుంది.

యుద్ధాల్లో ఇది ప్రాణాలకే ముప్పు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ప్రభుత్వం 1940లో 'కేర్‌లెస్ టాక్ కాస్ట్స్ లైవ్స్' పేరుతో పోస్టర్లు వేయించింది. ఫుగాస్ అనే కలం పేరున్న కార్టూనిస్టు వాటిని గీశాడు. ఒక దానిలో ఇద్దరు ఆడవాళ్లు ప్రయాణంలో కబుర్లు చెప్పుకుంటుంటారు, వెనక సీట్లో హిట్లర్ కూర్చుని వింటుంటాడు. అమెరికా వాళ్ల పోస్టరు 'లూజ్ లిప్స్ మైట్ సింక్ షిప్స్' అంది. మైట్ జారిపోయి 'లూజ్ లిప్స్ సింక్ షిప్స్'గా అది నేటికీ జనం నోట్లో ఉంది. ఓడ ఏ రేవు నుంచి ఏ రోజు బయల్దేరుతుందో ఒక నావికుడి బంధువు గొప్పగా చెప్పుకుంటే చాలు, శత్రు జలాంతర్గామికి దారి దొరికినట్టే అన్న భయం ఆ పోస్టర్ల వెనక ఉంది.

తెలుగులో దీనికి సరైన మాట ఏది?

సందర్భాన్ని బట్టి మారుతుంది. తెలియకుండా వాగితే 'నోటికొచ్చినట్టు మాట్లాడటం'. బాధ్యత లేని వ్యాఖ్యలకు 'అవాకులు చెవాకులు పేలడం' భేషుగ్గా సరిపోతుంది. తుపాకీ పేలడానికీ నోరు పేలడానికీ మనకు ఒకటే క్రియ ఉండటం నాకు ఎంతో ఇష్టమైన సంగతి. గొప్పలైతే 'కోతలు కోయడం'. రహస్యం బయటపెట్టేవాళ్లయితే నోట్లో నువ్వుగింజ నానని రకం.

'నోరు జారడం' దగ్గరగానే ఉంటుంది గానీ, అందులో పొరపాటున ఒకసారి జరిగిందన్న సానుభూతి ఉంది. ఇంగ్లీషు జాతీయంలో ఆ సానుభూతి లేదు. 'నోరు పారేసుకోవడం' తిట్టడానికి కూడా వాడతాం కాబట్టి, ఎదుటి మనిషిని తిట్టని సందర్భంలో దాన్ని పెడితే అనువాదం దారి తప్పుతుంది.

వాక్యంలో ఎలా వాడాలి? ఎక్కువమంది ఎక్కడ పొరబడతారు?

మధ్యలో వచ్చే సర్వనామం మాట్లాడినవాళ్లదే అయి ఉండాలి. 'ఐ షాట్ మై మౌత్ ఆఫ్', 'షి షాట్ హర్ మౌత్ ఆఫ్', 'దే ఆర్ షూటింగ్ దెయిర్ మౌత్స్ ఆఫ్'. 'ఐ షాట్ హిజ్ మౌత్ ఆఫ్' అంటే నేరం ఒప్పుకున్నట్టు వినపడుతుంది. దేని గురించి అన్నది చెప్పాలంటే 'అబౌట్' చేర్చాలి: 'హి వాజ్ షూటింగ్ హిజ్ మౌత్ ఆఫ్ అబౌట్ ది మెర్జర్'. 'షూట్ ఆఫ్ యువర్ మౌత్' అని వరస మార్చినా తప్పు లేదు.

అసలు చిక్కు వినడంలో ఉంది. 'షట్ యువర్ మౌత్' అంటే నోరు మూసుకో అని. 'షూట్ యువర్ మౌత్ ఆఫ్' దానికి పూర్తిగా వ్యతిరేకం. వేగంగా మాట్లాడేటప్పుడు షట్, షాట్ ఒకేలా వినపడతాయి. చివర్న 'ఆఫ్' ఉందా లేదా అని చెవి పెట్టండి. ఉంటే నోరు తెరిచిన సంగతి.

'మౌత్ ఆఫ్', 'రన్ యువర్ మౌత్' వేరా?

'మౌత్ ఆఫ్'లో పెద్దవాళ్లకో పైఅధికారికో ఎదురు మాట్లాడటం, తలబిరుసుగా జవాబివ్వడం ఉంటుంది. టీచరుతో అలా మాట్లాడిన పిల్లాడికి ఈ మాట వాడతారు. 'రన్ యువర్ మౌత్' అమెరికన్ వాడుక. ఆపకుండా వాగడం, ఎక్కువగా ఇతరుల గురించి. ఇక 'పుట్ యువర్ ఫుట్ ఇన్ యువర్ మౌత్' వీటన్నిటికంటే మెత్తనిది. తెలియక అనకూడని మాట అనేసి అందరి ముందూ ఇబ్బందిపడటం. అక్కడ అన్నవాడి మీద జాలే కలుగుతుంది.

ఆఫీసులో వాడొచ్చా?

ఎదుటివాళ్ల గురించి వాడొద్దు, ముఖ్యంగా ఈమెయిల్లో. 'స్టాప్ షూటింగ్ యువర్ మౌత్ ఆఫ్' అంటే "వాగుడు ఆపు" అన్నంత కటువుగా ఉంటుంది. తప్పు మీదైనప్పుడు మాత్రం 'సారీ, ఐ షాట్ మై మౌత్ ఆఫ్ ఇన్ దట్ మీటింగ్' అనడం సహజంగా, నిజాయితీగా వినపడుతుంది. పైఅధికారితో అయితే 'ఐ స్పోక్ అవుట్ ఆఫ్ టర్న్' ఇంకా మర్యాదగా ఉంటుంది. నాకు అధికారం లేని చోట మాట్లాడాను, క్షమించండి అన్న భావం అందులో ఉంది.

వేరొకరి మాటను మెత్తగా తప్పుపట్టాల్సి వస్తే 'దట్ మే హావ్ బీన్ ప్రిమెచ్యూర్' అనండి. తొందరపాటు మాట మీద పడుతుంది, మనిషి మీద పడదు. పత్రికల్లో రాయాలంటే 'అన్‌గార్డెడ్ రిమార్క్స్', 'ఇన్‌టెంపరేట్ రిమార్క్స్' అని రాస్తారు. మొదటిది జాగ్రత్త లేని మాటలకు, రెండోది హద్దు మీరిన మాటలకు.

ఎవరైనా నన్నే ఇలా అంటే ఏం చేయాలి?

వెంటనే ఎదురు జవాబు ఇవ్వొద్దు, అది వాళ్ల మాటనే నిజం చేస్తుంది. 'విచ్ పార్ట్ డు యు థింక్ ఐ గాట్ రాంగ్?' అని అడగండి. ఏ మాట తప్పో వాళ్లు చూపించగలిగితే సరిదిద్దుకోవచ్చు. చూపించలేకపోతే, వాళ్లకు నచ్చనిది మీ మాటలోని నిజమే అయ్యుండొచ్చు. అప్పుడు మీ ఆధారాలు బయటపెట్టి, అదే మాట తాపీగా మళ్లీ చెప్పండి.